మరకకో కారణం



నేను హైదరాబాద్ పాతబస్తీలోని యాకుత్‌పురా నుంచి వచ్చాను. యుద్ధవిమానాల నమూనాలు చెయ్యడం నాకు ప్రాణం. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులు వేసి, నిజం విమానాన్ని 72 రెట్లు చిన్నదిగా చేసి చూపించే పని ఇది. ఈ రోజు మీకు ఒక విమానం తయారీ గురించి చెప్తాను. అది స్పిట్‌ఫైర్. రెండో ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన బ్రిటిష్ యుద్ధవిమానం.

ఇంగ్లండు విమానంతో పాతబస్తీకి ఏం సంబంధం అని మీరు అనుకోవచ్చు. సంబంధం ఉంది. చాలా దగ్గరి సంబంధం.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తలపాగా మీరు ఫొటోల్లో చూసే ఉంటారు. దస్తార్ అంటాం దాన్ని. బ్రిటిష్ వైమానిక దళం ఆర్‌ఏఎఫ్‌లో ఒక స్క్వాడ్రన్‌కు ఆ దస్తారే చిహ్నం. అది 152వ స్క్వాడ్రన్. దాని పేరులోనే హైదరాబాద్ ఉంది. 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్ అని రాసేవారు. చిహ్నం కింద రెండు ఇంగ్లీషు మాటలుండేవి. నమ్మకమైన మిత్రుడు అని వాటి అర్థం. బ్రిటిష్ ప్రభుత్వం నిజాంకు ఇచ్చిన బిరుదు అదే.

అలాంటివి మూడు స్క్వాడ్రన్లు. 110, 152, 253. మూడింటికీ హైదరాబాద్ పేరే. మూడూ నిజాం ఇచ్చిన డబ్బుతో ముడిపడినవే.

అన్నిటికన్నా పాతది 110. మొదటి ప్రపంచ యుద్ధం చివర, 1918లో, అది ఫ్రాన్సుకు వెళ్ళింది. వెంట తీసుకెళ్ళిన డీహెచ్ 9ఏ బాంబర్లు నిజాం కానుక. ఆ సంగతి విమానాల ఒంటి మీదే రాసి ఉండేది. వాటిలో ఒకటి ఇప్పటికీ ఉంది. దాని నంబరు ఎఫ్ 1010. 1918 అక్టోబరులో జర్మన్లకు చిక్కింది. తర్వాత ఎన్నో ఏళ్ళు పోలండ్‌లో ఉంది. ఇప్పుడు లండన్‌లో ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. దాని మీద హైదరాబాద్ నంబర్ 12ఏ అని అక్షరాలున్నాయి. దాన్ని 1977లో పోలండ్ నుంచి తెచ్చుకోవడానికి మ్యూజియం వాళ్ళు బదులుగా ఏమిచ్చారో తెలుసా? ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చారు. హైదరాబాద్ పేరున్న విమానం కోసం ఒక స్పిట్‌ఫైర్‌ను వదులుకున్నారు.

ఇక్కడ ఒక మాట. నిజాం సంపద వెనక మన రైతులు కట్టిన శిస్తు ఉంది. విమానం మీద రాసిన పేర్లలో వాళ్ళ పేరు లేదు. ఈ నమూనాలు చేసేటప్పుడు నాకు వాళ్ళు గుర్తొస్తారు.

సరే, 152 దగ్గరికి వద్దాం. మన నమూనా దానిదే.

1940 జూలై 12న ఈ స్క్వాడ్రన్ వార్మ్‌వెల్ అనే చోటికి చేరింది. ఇంగ్లండు దక్షిణాన, డోర్సెట్ జిల్లాలో ఉంది ఆ ఊరు. సముద్రం దగ్గరే. స్క్వాడ్రన్ నాయకుడు పీటర్ డెవిట్. అప్పుడే బ్రిటన్ ఆకాశంలో జర్మన్ విమానాలతో పోరు మొదలైంది. పోర్ట్‌లండ్ నౌకాస్థావరాన్నీ ఆ తీరాన్నీ కాపాడే పని వీళ్ళకు పడింది. విమానాల పక్కన యూ, ఎమ్ అని రెండు పెద్ద అక్షరాలుండేవి. అవి 152 గుర్తు. ఆ అక్షరాలు బాగా గుర్తుంచుకోండి. ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. వార్మ్‌వెల్‌లో సిమెంటు రన్‌వే లేదు. అది పచ్చిక మైదానం. విమానాలు గడ్డి మీద దిగేవి, గడ్డి మీంచే లేచేవి.

ఎందుకు గుర్తుంచుకోమంటున్నానంటే, ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే విషయం. మరకకో కారణం ఉండాలి. నమూనా మీద మీరు వేసే ప్రతి మరకకూ, ప్రతి గీతకూ, ప్రతి రంగు వెలిసిన జాగాకూ ఒక కారణం ఉండాలి. కారణం తెలియకపోతే ఆ మరక వెయ్యొద్దు.

ముందు తయారీ చెప్తాను. అది త్వరగా అయిపోతుంది. మరకల దగ్గర ఎక్కువసేపు ఆగుదాం.

కిట్ కొనేటప్పుడు రెండు కొలతలు కనిపిస్తాయి. ఒకటి, 72లో ఒక వంతు. రెండు, 48లో ఒక వంతు. 72లో ఒక వంతు అంటే ఆరడుగుల మనిషి ఒక అంగుళం అవుతాడు. స్పిట్‌ఫైర్ రెక్కల కొసల మధ్య దూరం 11 మీటర్ల పైచిలుకు. 72లో ఒక వంతుకు అది 15.6 సెంటీమీటర్లు. 48లో ఒక వంతుకు 23.4 సెంటీమీటర్లు, అంటే జానెడు. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకు చిన్నదే చాలు. ముక్కలు తక్కువ, రంగు తక్కువ, దాచుకోవడానికి జాగా కూడా తక్కువ.

పెట్టె తెరవగానే అతికించడం మొదలుపెట్టకండి. ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని ఉంటాయి. ఆ చట్రాన్ని అలాగే సబ్బు నీళ్ళలో కడగండి. ఫ్యాక్టరీలో అచ్చు నుంచి ఊడి రావడానికి రాసిన జిడ్డు దాని మీద ఉంటుంది. జిడ్డు మీద రంగు నిలవదు. కడిగి, నీడన ఆరనివ్వండి.

ముక్కలను చేత్తో విరవకండి. పదునైన బ్లేడుతో కొయ్యండి. పిల్లలు చేస్తుంటే బ్లేడు పని పెద్దవాళ్ళు చెయ్యండి. జిగురు రాసే ముందు రెండు ముక్కలూ ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో పొడిగా పెట్టి చూడండి. ఈ పనిలో వాడే జిగురు ప్లాస్టిక్‌ను కొంచెం కరిగించి రెండు ముక్కలనూ ఒకటి చేస్తుంది. తర్వాత విడదీయడం కష్టం. జిగురు చుక్క పెట్టడానికి సన్నటి సూది బాగుంటుంది. పాతబస్తీలో కార్చోబ్ అనే జరీ కుట్టు పనికి వాడే సూది దొరికితే ఇంకా మంచిది.

మొదట పైలట్ కూర్చునే గది చెయ్యాలి. ఎందుకంటే ఒళ్ళు మూసేశాక లోపలికి వేలు పోదు, బ్రష్షూ పోదు. లోపల బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు. సీటు మీద లేత గోధుమ రంగు పట్టీలు. అది అయ్యాక ఒంటి రెండు సగాలూ కలపండి. రెక్కలు కలపండి. అతుకులు కనబడే చోట పుట్టీ పెట్టి, ఆరాక సాండ్ పేపర్‌ను తడిపి రుద్దండి. పొడిగా రుద్దితే ఆ పొడి గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రంగులు వేసేటప్పుడు కిటికీలు తెరిచిపెట్టుకోండి. మన గల్లీల్లో ఇళ్ళు ఇరుకు. గది మూసేసి ఎనామిల్ రంగులూ థిన్నరూ వాడితే తల తిరుగుతుంది. మిద్దె మీద నీడ ఉంటే అక్కడికే వెళ్ళండి.

ముందు పలచగా ప్రైమర్. తర్వాత రంగులు. 1940 వేసవిలో ఈ విమానాల పొట్టకు లేత నీలంలో పచ్చదనం కలిసిన రంగు ఉండేది. వీపు మీద రెండు రంగులు. ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు. ఇది అందం కోసం వేసింది కాదు. పైనుంచి చూసే శత్రువుకు ఇంగ్లండు పొలాల్లో కలిసిపోవాలి. కిందినుంచి చూసేవాడికి ఆకాశంలో కలిసిపోవాలి. చూశారా, మరకల సంగతి అటుంచండి, అసలు రంగుకే కారణం ఉంది.

రంగులో ఒక చుక్క తెలుపు కలపండి. చిన్న నమూనాను చూడటం అంటే నిజం విమానాన్ని దూరం నుంచి చూడటమే. దూరాన ఏ రంగైనా కొంచెం పాలిపోయి కనిపిస్తుంది. డబ్బాలోని ముదురు రంగు ఉన్నదున్నట్టు వేస్తే అది బొమ్మలా ఉంటుంది. చుక్క తెలుపు కలిపితే విమానంలా ఉంటుంది.

రంగు బాగా ఆరాక మెరిసే వార్నిష్ ఒక పూత. దాని మీద గుర్తులు. ఎరుపు, తెలుపు, నీలం వలయాలు. మన యూ ఎమ్ అక్షరాలు. ఇవి నీళ్ళలో నానబెట్టి జరిపి అతికించే సన్నటి పొరలు. గరుకు రంగు మీద అతికిస్తే కింద గాలి చిక్కుకుని తెల్లగా మెరుస్తుంది. అందుకే ముందు వార్నిష్. దీన్ని మాత్రం దాటెయ్యకండి.

ఇంతవరకూ వస్తే మీ చేతిలో కొత్త విమానం ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి ఇప్పుడే బయటికి వచ్చిన విమానం. ఇప్పుడు దాన్ని పని చేసిన విమానంగా మార్చాలి. మా పనిలో దీన్ని వెదరింగ్ అంటాం.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. నల్లరంగు తీసుకుని ఒళ్ళంతా పూస్తారు. అంచులన్నిటికీ వెండి గీతలు గీస్తారు. అక్కడక్కడా తుప్పు రంగు చుక్కలు పెడతారు. చూస్తే పాతగా ఉంటుంది. కానీ నిజంగా ఉండదు.

ఎందుకు ఉండదు? దయచేసి ఒక పని చెయ్యండి. ఈ ప్రసంగం అయ్యాక మీ ఇంటి దర్వాజ ముందు నిలబడండి. మా యాకుత్‌పురా ఇళ్ళల్లో పాత చెక్క దర్వాజలు ఇంకా ఉన్నాయి. పచ్చ రంగువి, నీలం రంగువి. మీ దర్వాజ కూడా కొంచెం పాతదైతే మరీ మంచిది. దాన్ని పరీక్షగా చూడండి.

గొళ్ళెం చుట్టూ రంగు పోయి ఉంటుంది. ఎందుకు? రోజూ చేతులు పడేది అక్కడ. దర్వాజ కింది భాగంలో జానెడు ఎత్తు వరకు బురద మచ్చలుంటాయి. ఎందుకు? వానచినుకు నేల మీద పడి చిందితే ఆ ఎత్తుకే ఎగురుతుంది. మేకు కింద ఎర్రటి చార ఉంటుంది. అది మేకు నుంచి కిందికే పోతుంది, పక్కకు పోదు. నీళ్ళు కిందికే జారతాయి కాబట్టి. ఎండ తగిలే రెక్క వెలిసిపోయి ఉంటుంది. చూరు నీడలో ఉన్న పైభాగం మాత్రం నిన్న వేసినట్టు ఉంటుంది. దర్వాజ అంతా ఒకేలా పాతబడదు. చెయ్యి తగిలిన చోట ఒకలా, నీళ్ళు చిందిన చోట ఒకలా, ఎండ పడ్డ చోట ఒకలా పాతబడుతుంది. ఏమీ తగలని చోట కొత్తగానే ఉంటుంది.

విమానం కూడా అంతే. మరకకో కారణం. ఇప్పుడు ఆ దర్వాజను చూసిన కళ్ళతోనే స్పిట్‌ఫైర్‌ను చూద్దాం.

చెయ్యి ఎక్కడ పడుతుంది? కాలు ఎక్కడ పడుతుంది? స్పిట్‌ఫైర్‌లో పైలట్ ఎక్కే చిన్న తలుపు ఎడమ వైపు ఉంది. కాబట్టి అతను ఎడమ రెక్క మీద కాలు పెట్టి ఎక్కుతాడు. రెక్క ఒంటికి కలిసే చోట, ఎడమ వైపున, బూట్ల రాపిడికి రంగు పోతుంది. కింద ఉన్న అల్యూమినియం బయటపడుతుంది. అక్కడ వెండి రంగు పెట్టండి. రెక్క కొసన పెట్టకండి. కొస మీద ఎవరూ నడవరు.

ఎంత పెట్టాలి? లెక్క వేసి చూడండి. 72లో ఒక వంతు నమూనా మీద ఒక మిల్లీమీటరు చుక్క పెడితే నిజం విమానం మీద అది 7 సెంటీమీటర్లు దాటుతుంది. అరచేతి వెడల్పంత రంగు ఊడినట్టు. అంత పెద్ద మచ్చలు ఎక్కడపడితే అక్కడ ఉండవు. కాబట్టి సూదిమొనంత చాలు. చిన్న స్పాంజ్ ముక్కను రంగులో ముంచి, దాదాపు అంతా కాగితం మీద తుడిచేసి, మిగిలిన కొంచెంతో మెల్లగా అద్దండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. దర్వాజ మేకు తుప్పు పట్టింది. అది ఇనుము కాబట్టి. స్పిట్‌ఫైర్ ఒళ్ళు అల్యూమినియం. అల్యూమినియం ఎర్రగా తుప్పు పట్టదు. రెక్కల మీద తుప్పు రంగు వేస్తే, ఆ విమానం ఏ లోహంతో చేశారో మనకు తెలియదని చెప్పుకున్నట్టే. తుప్పు రంగు వాడాలనిపిస్తే పొగగొట్టాల మీద వాడండి. అవి వేడికి కాలి గోధుమ రంగులోకి తిరుగుతాయి.

అలాగే, విమానం మొత్తం లోహం కాదు. 1940 నాటి స్పిట్‌ఫైర్‌లో తోక చుక్కాని మీద గుడ్డ పొర ఉండేది. తోక రెక్కల్లో కదిలే భాగాలకూ గుడ్డే. రెక్కల వెనక అంచున కదిలే భాగాలకు కూడా అప్పట్లో గుడ్డే. గుడ్డ మీద రంగు ఊడితే వెండిలా మెరిసే లోహం బయటికి రాదు. కాబట్టి ఆ భాగాల మీద వెండి చుక్క ఒక్కటి కూడా పెట్టకండి. మళ్ళీ చెప్తున్నాను. లోహం ఉన్న చోటే వెండి. గుడ్డ ఉన్న చోట వెండి లేదు.

ఇప్పుడు పొగ సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం.

స్పిట్‌ఫైర్ ముక్కులో మెర్లిన్ ఇంజన్ ఉంది. 12 సిలిండర్లు, 27 లీటర్లు. దాని పొగ ముక్కుకు రెండు పక్కలా ఉన్న గొట్టాల్లోంచి వస్తుంది. గంటకు వందల మైళ్ళ వేగంతో పోతున్న విమానం అది. పొగ పైకి లేచే అవకాశమే లేదు. గాలి దాన్ని వెనక్కి ఒంటికి ఆనించి తోస్తుంది. అందుకే పొగచార గొట్టం దగ్గర సన్నగా మొదలై, వెనక్కి పోతూ వెడల్పవుతుంది. రెక్క ఒంటికి కలిసే చోటు మీదుగా పోయి పలచబడుతుంది.

రంగు ఏమిటి? నలుపు అని అందరూ అనుకుంటారు. పూర్తిగా నలుపు కాదు. అప్పటి పెట్రోలులో సీసం కలిపేవారు. 1940లో వాడిన 100 ఆక్టేన్ పెట్రోలులో కూడా సీసం ఉంది. అది మండాక లేత బూడిద, గోధుమ కలిసిన పొడిలా పేరుకుంటుంది. ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువగా పోతే మసి నల్లగా వస్తుంది. తక్కువగా, పొదుపుగా పోతే ఈ లేత రంగు వస్తుంది. కాబట్టి మధ్యలో లేత గోధుమ, అంచుల్లో ముదురు గోధుమ. ఇలా వేస్తే చూసేవాళ్ళకు ఇంజన్ చప్పుడు వినబడుతుంది.

దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. బొమ్మలు గీసే పాస్టెల్ సుద్దలు తెచ్చుకోండి. నూనె పాస్టెల్ వద్దు, పొడి పాస్టెల్. దాన్ని సాండ్ పేపర్ మీద గీకితే మెత్తటి పొడి వస్తుంది. మెత్తటి బ్రష్షుతో ముందు నుంచి వెనక్కి, ఒకే దిక్కున రాయండి. ముందు కొంచెం. చాలకపోతే మళ్ళీ కొంచెం. ఎక్కువైతే తీయడం కష్టం.

నూనె కూడా ఇలాగే. ఇంజన్ కింది నుంచి కారే నూనె పొట్ట వెంబడి వెనక్కి సాగుతుంది. పెట్రోలు పోసే మూత పైలట్ అద్దానికి ముందు, ఒంటి పైభాగంలో ఉంటుంది. అక్కడ ఒలికిన పెట్రోలు మాత్రం కిందికి, ఒంటి పక్కలకు జారుతుంది. తేడా ఎందుకు? పెట్రోలు పోసేది విమానం నేల మీద ఆగి ఉన్నప్పుడు. ఆగి ఉన్న విమానం మీద మరక కిందికి జారుతుంది. ఎగిరే విమానం మీద మరక వెనక్కి సాగుతుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మీ పని సగం అయినట్టే.

పలకల మధ్య సన్నటి గాళ్ళు కనబడాలంటే, నూనెరంగును థిన్నర్‌లో నీళ్ళలా పలచగా కలిపి, సన్నటి బ్రష్షుతో గాడిలో తాకించండి. అదే పారుతుంది. ఆరాక మెత్తటి గుడ్డతో తుడవండి. ఎటువైపు తుడవాలి? ముందు నుంచి వెనక్కి. పైనుంచి కిందికో, గుండ్రంగానో తుడవకండి. గాలి ఎటు పోతుందో చెయ్యి కూడా అటే పోవాలి. పలకల గాళ్ళకు నలుపు వాడకండి. ముదురు గోధుమ వాడండి.

తుపాకుల దగ్గరికి వద్దాం. ఆ స్పిట్‌ఫైర్ రెక్కల్లో ఎనిమిది బ్రౌనింగ్ మెషీన్‌గన్లుండేవి. ఒక్కోదానికి 300 తూటాలు. ఆపకుండా కాలిస్తే పదిహేను సెకన్లకు అటూ ఇటూగా అయిపోయేవి. దుమ్ము, తడి లోపలికి పోకుండా తుపాకుల రంధ్రాల మీద ఎర్రటి గుడ్డ ముక్కలు అతికించేవారు. మొదటి తూటాకే ఆ గుడ్డ చిరిగిపోతుంది. తూటాలు పేలాక రెక్క కింద, ఖాళీ తూటా గుల్లలు రాలే రంధ్రాల వెనక మసి చారలు పడతాయి.

కాబట్టి రంగు వేసే ముందు మీరు ఒకటి నిర్ణయించుకోవాలి. ఈ విమానం ఇంకా బయల్దేరలేదా? పోరాడి తిరిగి వచ్చిందా? బయల్దేరలేదంటే ఎర్రగుడ్డలు నిండుగా ఉండాలి, రెక్క కింద శుభ్రంగా ఉండాలి. తిరిగొచ్చిందంటే గుడ్డలు చిరగాలి, మసి కనబడాలి. గుడ్డలు నిండుగా పెట్టి కింద మసి దట్టంగా పూస్తే ఒక విమానంలో రెండు వేళలు కలిపేసినట్టు.

ఇక వార్మ్‌వెల్ పచ్చిక. అక్కడ సిమెంటు లేదని మొదట్లో చెప్పాను. గడ్డి మైదానం కాబట్టి చక్రాలకు తడిమట్టి, గడ్డి పసరు. చక్రాల వెనక రెక్క పొట్ట మీద చిన్న చిన్న చిందులు. మీ దర్వాజ కింద ఉన్న బురద చిందులు గుర్తున్నాయా? అవే. చక్రం విసిరే ఎత్తుకే ఉండాలి, దాని వెనకే ఉండాలి. వీపు మీద బురద ఉండదు.

ఎండకు వెలవడం? ఈ విమానానికి అది కొంచెమే. ఇంగ్లండు ఎండ అంత గట్టిది కాదు. పైగా ఆ వేసవిలో కొన్ని స్పిట్‌ఫైర్లు వారాలు కూడా బతకలేదు. రంగు పాతబడేంత వయసు వాటికి రాలేదు. కొన్ని చోట్ల నేల మీద పనిచేసే సిబ్బంది వేగం పెరగాలని ఒంటిని రుద్ది నునుపు చేసేవారు. కాబట్టి 1940 నాటి 152వ స్క్వాడ్రన్ విమానాన్ని చెత్తలోంచి తీసినట్టు చెయ్యకండి. దాన్ని శ్రద్ధగా చూసుకునే మనుషులుండేవారు. పని చేసిన చోట మాత్రం గుర్తులుంటాయి.

ఇప్పుడు కథ మారుతుంది. అదే 152వ స్క్వాడ్రన్ ఉత్తర ఆఫ్రికాలో, తర్వాత సిసిలీ, ఇటలీల్లో పోరాడి, 1943 చివర్లో మన దేశానికి వచ్చింది. ఇక్కడ అది స్పిట్‌ఫైర్ మార్క్ 8 విమానాలు నడిపింది. బర్మా యుద్ధంలో జపాన్ సైన్యం మీద పోరాడింది. హైదరాబాద్ పేరున్న స్క్వాడ్రన్ అప్పుడు హైదరాబాద్ ఉన్న దేశాన్నే కాస్తూ ఎగిరింది. ఈ సంగతి మన పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి.

బర్మా విమానం చెయ్యాలంటే 1940 నాటి రకం కిట్ పనికిరాదు. మార్క్ 8 వేరు. దానికి ప్రొపెల్లర్ రేకులు నాలుగు. రెక్కల కింద రెండు వైపులా పెద్ద రేడియేటర్లు. తోక చక్రం లోపలికి ముడుచుకుంటుంది. తుపాకులు కూడా మారాయి. కాబట్టి పెట్టె మీద మార్క్ 8 అని చూసి కొనండి.

గుర్తులు కూడా మారాయి. వలయం మధ్యలోని ఎరుపు తీసేశారు. జపాన్ విమానాల మీద ఎర్రటి సూర్యబింబం ఉండేది. ఎరుపు కనబడితే మనవాళ్ళే మనవాళ్ళను కాల్చుకునే ప్రమాదం. అందుకే ఈ ప్రాంతంలో నీలంలో రెండు ఛాయలు మాత్రమే మిగిలాయి. చూడండి, ఎరుపు లేకపోవడానికి కూడా కారణం ఉంది. 152 వాళ్ళు ఆ వలయం మీదుగా ఎగిరి దూకుతున్న నల్ల చిరుతను ఒంటి మీద గీయించుకున్నారు. నమూనా చేసేవాళ్ళకు అది పండగే.

మరకలు? పూర్తిగా వేరు. ఎండ మన ఎండ. వీపు రంగు వెలిసిపోవాలి. వేసిన రంగులోనే ఇంకొంచెం తెలుపు కలిపి, పలకల మధ్యభాగాల్లో పలచగా వెయ్యండి. అంచులు వదిలెయ్యండి. పొట్ట వైపు వెలవనివ్వకండి. చూరు కింది దర్వాజ భాగంలా అక్కడ ఎండ పడదు. ఎండాకాలం విమానం అయితే చక్రాలకూ రెక్కల పొట్టకూ దుమ్ము. వానాకాలం అయితే బురద. రెండూ ఒకేసారి వెయ్యకండి. ఏ నెల విమానమో నిర్ణయించుకోండి.

దుమ్ము అన్నాను కదా అని రోడ్డు మీద మట్టి తెచ్చి చల్లకండి. నిజం మట్టి రేణువు పావు మిల్లీమీటరు ఉంటే, ఈ కొలతలో అది దాదాపు రెండు సెంటీమీటర్ల కంకర రాయి. దుమ్ముకు పాస్టెల్ పొడే సరి. రంగు మాత్రం మట్టిని చూసి కలపండి.

253వ స్క్వాడ్రన్ గురించి కూడా రెండు మాటలు. వీళ్ళు 1940లో హరికేన్ విమానాలు నడిపారు. హరికేన్ వెనక సగం లోహం రేకు కాదు. చట్రం మీద బిగించిన గుడ్డ. ఇప్పుడు మీకు తెలుసు, అక్కడ వెండి చుక్కలు రావు. ఇంజన్ చుట్టూ ఉన్న రేకుల మీద వస్తాయి, పైలట్ వెనక రావు.

ఆ స్క్వాడ్రన్‌లో టామ్ గ్లీవ్ అనే నాయకుడు ఉండేవాడు. 1940 ఆగస్టు 31న ఆయన హరికేన్‌కు మంటలంటుకున్నాయి. ఒళ్ళంతా కాలింది. బతికి బయటపడ్డాడు. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆస్పత్రిలో డాక్టర్ ఆర్చిబాల్డ్ మెకిండో కాలిన పైలట్లకు ముఖాలు, చేతులు మళ్ళీ తీర్చిదిద్దేవాడు. అక్కడి రోగులు కట్టుకున్న సంఘానికి గ్లీవ్ మొదటి నాయకుడయ్యాడు. కాలిన విమానం నమూనా చెయ్యాలని కొందరు కుర్రాళ్ళకు సరదా. నేను వద్దంటాను. మసి ఎక్కడి నుంచి వచ్చిందో తెలిశాక ఆ మసిని సరదాకి వెయ్యలేం.

చివరికి చెయ్యాల్సిన పనులు కొన్ని మిగిలాయి. పలకల గాళ్ళ రంగు, వెండి చుక్కలు అయ్యాక మెరుపు తగ్గించే మ్యాట్ వార్నిష్ ఒక పూత వెయ్యండి. పాస్టెల్ పొగ, దుమ్ము దాని తర్వాత. ఎందుకంటే నున్నటి పూత మీద పొడి నిలవదు, గరుకు పూత మీద నిలుస్తుంది. పొడి మీద మళ్ళీ వార్నిష్ కొడితే రంగు ముదిరి కొంత మాయమవుతుంది. కాబట్టి ఆ తర్వాత వేలితో తాకకండి. చక్రాల దగ్గర పట్టుకుని ఎత్తండి. పైలట్ అద్దాన్ని మామూలు సూపర్ గ్లూతో అతికించకండి, ఆ ఆవిరికి అద్దం తెల్లబారుతుంది. పిల్లలు బళ్ళో వాడే తెల్ల జిగురు చాలు. అది ఆరితే కనబడదు.

ఆరాక గాజు పెట్టెలో పెట్టండి. మన బస్తీలో కిటికీ తెరిస్తే దుమ్ము వస్తుంది, అది ఆగదు. పెట్టె లేకపోతే కనీసం బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా అయినా పెట్టండి. అప్పటికీ దుమ్ము పడితే పొడి గుడ్డతో తుడవకండి. నీళ్ళ రంగులకు వాడే వెడల్పాటి మెత్తటి బ్రష్షు తీసుకుని, ముక్కు నుంచి తోక వైపుకు, ఒకే దిక్కున దులపండి.